మానడం అంటే మరవడం కాదు

మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబర్ జాతీయ రహదారి కామారెడ్డి, నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు పోతుంది. గుడిహత్నూర్ దగ్గర దిగి కుడిచేతికి మళ్ళితే ఇంద్రవెల్లి, ఇంకా ముందుకు పోతే ఉట్నూరు. మేము ఆ దారిన వచ్చినవాళ్ళమే. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల బడుల్లో, కంపెనీల్లో, గోదాముల్లో పనిచేస్తూ బతుకుతున్న ఆదివాసీ కుటుంబాలు కొన్ని ఉన్నాం. వీలు దొరికిన ఆదివారం శామీర్‌పేట చెరువు కట్ట మీద కూర్చుంటాం. పిల్లల సీట్లు, కుల ధ్రువపత్రాలు, ఊళ్ళో పట్టాల సంగతి, పెళ్ళి సంబంధాలు మాట్లాడుకుంటాం. అట్లా కూర్చున్న ఒకనాడు డిగ్రీ చదివే తమ్ముడు ఒకడు అడిగిన ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు.

"కొట్టినోడు మంచిగనే ఉన్నడు. దెబ్బ తిన్నోడు పోయి డాక్టర్ ముందట కూసోవాల్నా? బాగుపడాల్సింది మనమా, వాళ్ళా?"

ఆ ప్రశ్న ఊరికే రాలేదు. మాలో ఒక దాదా గురించి మాట్లాడుకుంటున్నప్పుడు వచ్చింది. దాదా సంగతి ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాం, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాం.

దాదా వయసు 50 దాటింది. మేడ్చల్ వైపు ఒక గోదాములో వాచ్‌మన్. మాట నెమ్మది, పని కచ్చితం. కానీ పెళ్ళిళ్ళ సీజన్ వస్తే ఆయన మనిషి కాడు. ఈ రోడ్ల మీద ఫంక్షన్ హాళ్ళు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. రాత్రి బారాత్‌లో పటాకులు పేలగానే దాదా గోడ పక్కకు పోయి ముడుచుకుని కూర్చుంటాడు. ఒళ్ళంతా చెమటలు. హకీంపేట నుంచి లేచిన విమానం కిందుగా పోయినా అంతే. తర్వాత రెండు రోజులు తాగుతాడు. మూడో రోజు ఏమీ జరగనట్టు డ్యూటీకి పోతాడు. ఎంత అవసరమైనా అంగడికి మాత్రం పోడు. కూరగాయలు కూడా వదినే తెస్తుంది. దీపావళికి ఊరంతా దండారీ ఆడుతుంటే, గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని ఊరూరా తిరుగుతుంటే, దాదా ఏదో ఒక వంక చెప్పి ఇక్కడే ఉండిపోయేవాడు. ఆయన మనిషే అంత అని మేము అనుకున్నాం. పిరికివాడని నవ్వినవాళ్ళూ మాలో ఉన్నారు.

దాదా 1981లో చిన్నపిల్లవాడు. ఆ ఏడు ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లిలో అంగడి రోజు. భూమి కోసం, పట్టాల కోసం గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది. సభకు అనుమతి లేదన్నారు, 144వ సెక్షన్ పెట్టారు. ఆ కబురు అందని ఊళ్ళ నుంచి జనం వస్తూనే ఉన్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకు ఎన్నో రెట్లు చనిపోయారని మనవాళ్ళు, హక్కుల సంఘాలు చెప్పాయి. ఆ జనంలో దాదా తన తండ్రి చెయ్యి పట్టుకుని ఉన్నాడు. మోత మొదలవగానే చెయ్యి వదిలి ఉరికాడు. తండ్రి కాలికి దెబ్బ తగిలి కుంటివాడై, కొన్నేళ్ళకు చనిపోయాడు. ఈ సంగతి దాదా 40 ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. భార్యకు కూడా చెప్పలేదు.

మేము డైట్‌లో రెండేళ్ళు చదివినప్పుడు బాల మనోవిజ్ఞానం అని ఒక సబ్జెక్టు ఉండేది. పిల్లవాడు ఏ వయసులో ఏం నేర్చుకుంటాడో చదివాం, పరీక్ష రాశాం. భయపడ్డ పిల్లవాడు పెద్దయ్యాక ఏమవుతాడో మాత్రం అప్పుడు చదివిన గుర్తు లేదు. దాదా వల్ల ఇప్పుడు తెలుసుకున్నాం.

ప్రాణం పోతుందన్న భయం కలిగినప్పుడు ఒంట్లో ఒక గంట మోగుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, ఉరకడానికో ఎదిరించడానికో ఒళ్ళు సిద్ధమవుతుంది. అడవిలో ఎలుగుబంటి ఎదురైతే మనల్ని కాపాడేది ఆ గంటే. ఆపద పోయాక అది ఆగాలి. చాలామందికి కొద్దివారాల్లో ఆగుతుంది. నలుగురూ చుట్టూ చేరి, అన్నం పెట్టి, ఏం జరిగిందో విని, పక్కన పడుకుంటే తొందరగా ఆగుతుంది. కొందరికి ఆగదు. మామూలు జ్ఞాపకం "అది అప్పుడు జరిగింది" అని చెబుతుంది. ఈ జ్ఞాపకానికి మాత్రం తేదీ పడదు. చిన్న మోతకు, ఒక వాసనకు, ఖాకీ బట్టకు అది లేచి "ఇప్పుడే జరుగుతోంది" అంటుంది. అందుకే మనిషి ఆ మోతకు, ఆ చోటుకు, ఆ మాటకు దూరంగా తిరుగుతాడు. తిరిగిన కొద్దీ తిరగగలిగే చోటు తగ్గిపోతుంది. నిద్ర పోదామని తాగుతాడు, తాగుడు ఇంకో రోగమవుతుంది. వైద్యులు దీన్ని పీటీఎస్‌డీ అంటారు. అమెరికా వైద్యుల రోగాల పట్టికలో ఆ పేరు 1980లో చేరింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధ, హింసకు గురైన స్త్రీల బాధ పట్టుబట్టి చూపించాకే ఆ పేరు వచ్చింది. అంటే ఆ రోగానికి పేరు పెట్టించింది కూడా ఒక పోరాటమే.

దాదాను వైద్యం దాకా తీసుకుపోయింది ఆయన బిడ్డ. మొదట పోయిన చోట రెండు నిమిషాల్లో నిద్రమాత్రలు రాసి పంపించారు. దాదా ఇక రానన్నాడు. తర్వాత ఆ అమ్మాయి 14416కు ఫోన్ చేసింది. అది టెలీమానస్ నంబర్, ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. డబ్బు కట్టనక్కర లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడివాళ్ళు చెప్పిన దారిన పోతే ఒక సైకాలజిస్ట్ దొరికింది. వారానికి ఒకసారి చొప్పున, మధ్యలో మానేస్తూ, మళ్ళీ పోతూ, సుమారు ఎనిమిది నెలలు పోయాడు.

ఆ గదిలో ఏం చేస్తారని మేమంతా అడిగాం. కళ్ళు మూయించి గతాన్ని తవ్వుతారేమో అనుకున్నాం. మొదటి నెల ఆమె ఇంద్రవెల్లి ఊసే ఎత్తలేదట. నిద్ర ఎట్లా పడుతుంది, తాగుడు ఎప్పుడెప్పుడు, ఇంట్లో ఎవరి దగ్గర ధైర్యంగా ఉంటుంది, ఇవే అడిగిందట. మోత వినబడి గుండె దడదడలాడినప్పుడు ఏం చేయాలో నేర్పింది. ఊపిరి మెల్లగా వదలడం, పాదాలు నేలకు ఆనించి కళ్ళ ముందున్న ఐదు వస్తువుల పేర్లు చెప్పుకోవడం, "ఇది మేడ్చల్, ఇది గోదాము, అది పెళ్ళి బారాత్" అని పైకి అనడం. వినడానికి చిన్న పనులు. కానీ తేదీ పడని జ్ఞాపకానికి తేదీ వేయడం అక్కడే మొదలైంది.

జూడిత్ హెర్మన్ అనే అమెరికా వైద్యురాలు 1992లో రాసిన పుస్తకంలో కోలుకోవడానికి మూడు మెట్లు చెప్పింది. మొదటిది భద్రత. రెండోది గుర్తు చేసుకుని దుఃఖించడం. మూడోది మళ్ళీ మనుషుల్లో కలవడం. మొదటి మెట్టు ఎక్కకుండా రెండోదాని మీద కాలు పెడితే మనిషి పడిపోతాడు. చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషి "ఏమైందో చెప్పు, చెప్పు" అని నిలదీస్తే మేలు కన్నా కీడే ఎక్కువ జరిగేది అందుకే.

రెండో మెట్టు మీద దాదా ఆ రోజును కొంచెం కొంచెంగా చెప్పాడు. చెప్పి, మళ్ళీ చెప్పి, భయం వచ్చినప్పుడు ఆగి, భయం దిగేదాకా ఆమెతో పాటు కూర్చుని, మళ్ళీ చెప్పాడు. తప్పించుకు తిరిగిన చోట్లకు మెల్లగా పోవడం కూడా అందులో భాగమే. మొదట అంగడి ఖాళీగా ఉన్న పొద్దున పోవడం, తర్వాత జనం ఉన్నప్పుడు పది నిమిషాలు నిలబడడం. ఇట్లాంటి పద్ధతులనూ, కళ్ళ కదలికలతో చేసే ఈఎండీఆర్ అనే పద్ధతినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పెద్దవాళ్ళ పీటీఎస్‌డీకి సిఫారసు చేసింది.

దాదాకు అన్నిటికన్నా బరువైనది భయం కాదు. "నేను నాయన చెయ్యి వదిలిన" అన్న మాట. 40 ఏళ్ళు ఆయన తనను తాను అదే కేసులో నిలబెట్టుకున్నాడు. ఒకనాడు ఆ సైకాలజిస్ట్ అడిగిందట: "నీ మనవడికి ఎన్నేళ్ళు?" తొమ్మిది అన్నాడు. "తుపాకీ మోతకు వాడు నీ చెయ్యి వదిలి ఉరికితే వాడి మీద కేసు పెడతావా?" దాదా ఆ రోజు చాలాసేపు ఏడ్చాడు. ఇంటికొచ్చి మొదటిసారి భార్యకు మొత్తం చెప్పాడు. ఆమె అన్నది ఒకటే: "నాకెందుకు చెప్పలేదు ఇన్నేండ్లు?"

ఇక తమ్ముడి ప్రశ్నకు వద్దాం. అందులో మూడు మాటలు ఉన్నాయి, మూడూ కొట్టిపారేసేవి కావు.

మొదటిది, అన్యాయం బయట ఉంటే వైద్యం లోపల ఎందుకు? భూమి పోయినవాడికి కౌన్సెలింగ్ ఇచ్చి పంపితే అది మోసమే. ప్రాజెక్టు కింద ఊరు మునిగినవాడికి ఊపిరి ఎట్లా తీయాలో నేర్పి, పరిహారం మాట ఎత్తకపోతే ఆ వైద్యం నోరు మూయించే పనిముట్టు అవుతుంది. ఈ భయం నిజమైనది. వైద్యం న్యాయానికి బదులు కాకూడదు.

కానీ తిరగేసి కూడా చూడాలి. న్యాయం జరిగేదాకా బాగుపడకూడదంటే, మన నిద్ర తాళంచెవి ఎవరి చేతిలో పెట్టినట్టు? 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది కోందు స్త్రీలు పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులైన 13 మందినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా సాగలేదని చెప్పి ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని అన్నది. నడుమ దాదాపు 16 ఏళ్ళు. ఆ 16 ఏళ్ళు వాళ్ళు కంటి మీద కునుకు లేకుండా ఉండాలా? ఆ తీర్పు తర్వాత ఇక ఎప్పటికీ ఉండాలా? కోర్టులో గెలుపు ఓటములు మన చేతిలో లేవు. మన పడక, మన తిండి, మన పిల్లల మీద మన చెయ్యి, ఇవన్నీ ఆ తీర్పు కోసం ఆగకూడదు.

రెండో మాట, బాగుపడితే మరిచిపోతాం, మరిచిపోతే పోరాటం చల్లారుతుంది. ఇది మేమూ నమ్మిన మాటే. దాదాను చూశాక నమ్మడం లేదు. బాగుకాక ముందు ఆయన ఇంద్రవెల్లి పేరు ఎత్తలేకపోయేవాడు. ఎవరైనా ఎత్తితే లేచిపోయేవాడు. సాక్షి చెప్పవలసిన మనిషి 40 ఏళ్ళు నోరు తెరవలేదు. ఇప్పుడు చెబుతున్నాడు. పోయిన వేసవిలో మా పిల్లల్ని కూర్చోబెట్టి ఆ రోజు ఏ దిక్కు నుంచి జనం వచ్చారో, ఏ చెట్టు కింద ఎవరు కూర్చున్నారో వివరంగా చెప్పాడు. చేతులు కొంచెం వణికాయి, గొంతు ఆగలేదు. మానని గాయం మనిషిని మాట్లాడనివ్వదు. మానిన గాయానికి మచ్చ ఉంటుంది, ఆ మచ్చ చూపించి మాట్లాడవచ్చు. మానడం, మరవడం రెండూ ఒకటి కావు. మరవమని అడిగేది దెబ్బ కొట్టినవాడు. మాననివ్వమని అడిగేది దెబ్బ తిన్నవాడి ఒళ్ళు.

మూడో మాట మా పెద్దల నుంచి వచ్చింది. మన దేవుళ్ళు, మన పటేలు, మన పర్ధాన్ ఉండగా పరాయి గదిలో పరాయి మనిషికి చెప్పుకోవడం ఏమిటి? ఇందులోనూ నిజం ఉంది. మా గోండుల ఇళ్ళలో చావు కర్మలకు పర్ధాన్ వస్తాడు, కిక్రీ వాయిస్తాడు. పోయినవాణ్ణి సాగనంపే పని ఒక్క ఇంటిది కాదు, ఊరిది. కేస్లాపూర్‌లో నాగోబా జాతర తర్వాత దర్బార్ జరుగుతుంది. 1940 దశకంలో హైమెన్‌డార్ఫ్ కాలం నుంచి వస్తున్న ఆ దర్బార్‌లో మనవాళ్ళు నిలబడి అధికారుల ముందు తమ బాధ చెబుతారు. ఎంత తీరుతుందన్నది వేరే సంగతి. నలుగురి ముందు చెప్పుకునే చోటు, వినే చెవి, కలిసి ఏడ్చే రోజు మనకు ముందు నుంచే ఉన్నాయి.

అయితే ఇంద్రవెల్లి విషయంలో జరిగింది ఏమిటి? కలిసి ఏడ్చే రోజే లేకుండా చేశారు. అమరుల కోసం కట్టిన స్తూపాన్ని 1986లో ధ్వంసం చేశారు, మరుసటి ఏడాది మళ్ళీ కట్టారు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఏప్రిల్ 20 వచ్చిందంటే అక్కడ నిషేధాజ్ఞలు, పోలీసు కాపలా. పువ్వు పెట్టడానికి కూడా భయం. 2024 ఫిబ్రవరిలో స్మృతివనానికి శంకుస్థాపన జరిగేదాకా 43 ఏళ్ళు నిండబోయాయి. బయట ఏడవనివ్వని దుఃఖం ఇళ్ళలోకి పోయింది. కొన్ని ఇళ్ళలో మౌనంగా, కొన్ని ఇళ్ళలో సారాగా, కొన్ని ఇళ్ళలో పెళ్ళాం పిల్లల మీద పడే దెబ్బగా మారింది. దాదాకు పర్ధాన్ పాట సరిపోలేదంటే ఆ పాట గొప్పది కాదని కాదు. ఆ పాట పాడుకునే వీలు లేకుండా చేశారు. అప్పుడు ఒక గది, తలుపు వేసి వినే ఒక మనిషి అవసరమయ్యారు.

ఈ రెండింటినీ కలిపిన దేశం ఉంది. కెనడాలో ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి తీసుకుపోయి వసతి బడుల్లో పెట్టి, వాళ్ళ భాష మాట్లాడితే కొట్టిన చరిత్ర నూరేళ్ళకు పైగా సాగింది. కోర్టుల్లో పోరాడి వాళ్ళు పరిహారం సాధించారు. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. నిజ నిర్ధారణ, సయోధ్య కమిషన్ 2015 దాకా ఊరూరా సభలు పెట్టి వాళ్ళ మాట విన్నది. ఆ సభల్లో చెప్పేవాళ్ళ పక్కన కౌన్సెలర్లు, తెగ పెద్దలు ఉండేవారు. కన్నీళ్ళు తుడుచుకున్న కాగితాలను కూడా పారేయకుండా, పోగుచేసి, పవిత్రమైన నిప్పులో వేశారు. పరిహారం, క్షమాపణ, వైద్యం, ఆచారం ఒకదాని వెంట ఒకటి నడిచాయి. అంతా సరిపోయిందని అక్కడివాళ్ళు కూడా అనరు. అయినా మనం అడగవలసింది ఏమిటో దాన్ని చూస్తే తెలుస్తుంది.

కెనడా బడుల సంగతి చదివినప్పుడు మాకు మా బడులు గుర్తొచ్చాయి. మాలో చాలామంది హాస్టళ్ళలో పెరిగినవాళ్ళమే. గోండీలో మాట్లాడినందుకు చేతి వేళ్ళ మీద పడిన బెత్తం, పక్క తడిపినందుకు అందరి ముందు నిలబెట్టిన పొద్దు మాలో కొందరికి ఇప్పటికీ కలలో వస్తాయి. అంతకన్నా చెప్పడానికి కష్టమైనది ఇంకోటి ఉంది. టీచర్లమయ్యాక మేము కూడా పిల్లల మీద చెయ్యెత్తాం. "మేము తిన్లేదా దెబ్బలు, బాగుపడలేదా" అన్నాం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడం, మాటలతో హింసించడం నిషేధించిందని ట్రైనింగుల్లో విన్నాం, సంతకం పెట్టాం, వచ్చాం. ఆ చెయ్యి ఎక్కడి నుంచి లేస్తున్నదో మాత్రం చూసుకోలేదు. "బాగుపడాల్సింది మనమా, వాళ్ళా" అన్న తమ్ముడికి మా జవాబులో సగం ఇక్కడే ఉంది. తప్పు వాళ్ళదే, లెక్క చెప్పాల్సింది వాళ్ళే. కానీ మాననీయని దెబ్బ మన చేతి మీదుగా మన పిల్లలకు పోతుంది. దాన్ని మన దగ్గర ఆపే పని మనది.

ఆపడం ఎట్లా అంటే కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. పట్నంలో "ఎర్రగడ్డకు పంపాలె" అనేది ఒక తిట్టు. అక్కడున్నది ఒక ప్రభుత్వ ఆసుపత్రి, రోగం వచ్చినవాళ్ళు పోయే చోటు. ఆ తిట్టు మన నోట రాకుండా చూసుకోవడం మొదటి పని. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఈ వైద్యం పొందడం మన హక్కు. చెప్పుకున్నది బయటికి పోకుండా కాపాడడం వైద్యుల బాధ్యత. మందులు అవసరమైనవాళ్ళకు మందులు ఇస్తారు, అందులో సిగ్గు లేదు. ఒక వైద్యుడి దగ్గర కుదరకపోతే ఇంకొకరి దగ్గరికి పోవచ్చు. అందరూ పూర్తిగా బాగవుతారని చెప్పలేం. దాదాకు ఇప్పటికీ కొన్ని రాత్రులు నిద్ర పట్టదు.

భాష సంగతి కూడా ఉంది. దాదా ఆ గదిలో తెలుగులోనే మాట్లాడాడు. కానీ తండ్రిని పిలిచిన చోటల్లా గోండీ వచ్చేదట. "తెలుగుల చెప్తే వేరేటోని కథ లెక్క ఉండేది, మన మాటల చెప్తేనే నాది అనిపించేది" అన్నాడు. ఆమెకు గోండీ రాదు, అయినా ఆపలేదు. గోండీ, కొలామీ, కోయ భాషల్లో వినగలిగే మనవాళ్ళు ఈ పనిలోకి రావాలి. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే వైద్యుడు 2006 నుంచి ఊరి అవ్వలకే తర్ఫీదు ఇచ్చి, ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు. దిగులుతో వచ్చినవాళ్ళు వాళ్ళ భాషలోనే అవ్వతో చెప్పుకుంటారు. పెద్ద గాయాలకు అవ్వ ఒక్కతే చాలదు, పైకి పంపాలి. కానీ మొదటి మాట అక్కడ పడుతుంది. సైకాలజీ చదవాలనుకునే మన పిల్లలు ఎవరైనా ఉంటే, అది డబ్బున్నవాళ్ళ చదువని వెనక్కి లాగకండి. మనకు ఇంజనీర్లు ఎంత అవసరమో వీళ్ళూ అంతే అవసరం.

పోయిన ఏప్రిల్ 20న దాదా ఊరికి పోయాడు. స్తూపం దగ్గర పువ్వు పెట్టాడు. తర్వాత వచ్చిన సోమవారం మనవడి చెయ్యి పట్టుకుని ఇంద్రవెల్లి అంగడికి పోయాడు, అరకిలో వంకాయలు, పిల్లవాడికి జిలేబీ కొన్నాడు. మధ్యలో ఒకసారి గుండె దడ వస్తే ఒక దుకాణం నీడలో ఆగి, మెల్లగా ఊపిరి వదిలి, మళ్ళీ నడిచాడట. తిరిగొచ్చాక చెరువు కట్ట మీద ఇదంతా మాతో చెబుతుంటే ఆ ప్రశ్న అడిగిన తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు. విని, కాసేపటికి, "మా బాపు కూడా రాత్రి లేచి కూసుంటడు దాదా, ఆ నంబర్ ఒకసారి చెప్పు" అన్నాడు.